సస్పెండ్ వేళ ఇంటరప్ట్‌ను ఎక్కడ ఆపాలి: లినక్స్ డ్రైవర్ రాసేవారికి ఎంపిక సలహా

ఒక పరికరాన్ని నిద్రపుచ్చేటప్పుడు దాని ఇంటరప్ట్‌ను, అంటే ప్రాసెసర్‌ను పనికి పిలిచే సంకేతాన్ని, ఆపడానికి లినక్స్ కెర్నెల్‌లో దారులు చాలానే ఉన్నాయి. పరికరంలోనే ఉండే ఇంటరప్ట్ ఎనేబుల్ రిజిస్టర్‌లో బిట్లు తుడిచేయవచ్చు. డిసేబుల్_ఐఆర్‌క్యూ పిలిచి, ఆ సంకేతం ప్రాసెసర్‌కు చేరే లైనునే మూయించవచ్చు. డ్రైవర్ ఏమీ చేయకుండా కెర్నెల్ తనంతట తాను చేసే పనికే వదిలేయవచ్చు. వ్యవస్థను లేపవలసిన లైనైతే ఎనేబుల్_ఐఆర్‌క్యూ_వేక్ పిలవవచ్చు, లేదా ఐఆర్‌క్యూఎఫ్_నో_సస్పెండ్ అనే జెండా తగిలించి దీన్ని అసలు ఆపవద్దని చెప్పవచ్చు. పేర్లు చూస్తే ఇవన్నీ ఒకే పనికి ప్రత్యామ్నాయాల్లా అనిపిస్తాయి గాని, మొదటిది పరికరం నోరు కట్టేస్తుంది, రెండవది లైనును మూస్తుంది, మిగిలినవి కెర్నెల్‌కు ఆ లైను పట్ల ఎలా నడుచుకోవాలో చెబుతాయి. అందువల్ల చాలా డ్రైవర్లలో సరైన జవాబు వీటిలో రెండింటి కలయిక అవుతుంది, ఏ రెండు అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎంచుకునే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: ఆ లైను మీ పరికరానికే సొంతమా లేక పొరుగు పరికరంతో ఉమ్మడిదా, నిద్రలో ఉన్న వ్యవస్థను ఆ ఇంటరప్ట్ లేపాలా వద్దా, పరికరానికి క్లాక్ (దాని పనికి లయనిచ్చే సంకేతం) లేదా విద్యుత్తు సరిగ్గా ఏ దశలో ఆగిపోతుంది. నా దృష్టిలో మూడవదే అన్నింటికంటే ముఖ్యం, కాని సమీక్షకు వచ్చే కోడ్‌లో దాని గురించి ఆలోచించిన జాడ తక్కువగా కనిపిస్తుంది.

డ్రైవర్ ఏమీ చేయకపోతే జరిగేది

వ్యవస్థ సస్పెండ్ అయ్యేటప్పుడు ప్రతి పరికరానికీ ప్రిపేర్, సస్పెండ్, సస్పెండ్_లేట్, సస్పెండ్_నోఐఆర్‌క్యూ అనే నాలుగు దశలు వరుసగా నడుస్తాయి. లేట్ దశ ముగిసి నోఐఆర్‌క్యూ దశ మొదలయ్యే సందులో కెర్నెల్ సస్పెండ్_డివైస్_ఐఆర్‌క్యూస్ అనే ఫంక్షన్‌ను పిలిచి, మినహాయింపు పొందినవి తప్ప పరికరాల లైన్లన్నింటినీ మూసి, అప్పటికే నడుస్తున్న హ్యాండ్లర్లు (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే డ్రైవర్ ఫంక్షన్లు) ముగిసేదాకా వేచి ఉంటుంది. 2009లో వచ్చిన కెర్నెల్ 2.6.30 వెర్షన్ నుంచి ఈ ఏర్పాటు ఉంది. మేలుకునేటప్పుడు ఇదే క్రమం తిరగబడుతుంది: ముందు రెజ్యూమ్_నోఐఆర్‌క్యూ, ఆపైన లైన్లు తెరవడం, ఆ తర్వాతే రెజ్యూమ్_ఎర్లీ, రెజ్యూమ్, కంప్లీట్.

ఈ క్రమంలోంచి రెండు ఫలితాలు వస్తాయి. మీ సస్పెండ్ కాల్‌బ్యాక్ (ఆ దశలో కెర్నెల్ పిలిచే మీ ఫంక్షన్) నడుస్తున్నప్పుడే కాదు, అది ముగిసిన తర్వాత కూడా, నోఐఆర్‌క్యూ దశ దగ్గర పడేదాకా మీ హ్యాండ్లర్ పిలుపు అందుకోగలదు. అలాగే మీ రెజ్యూమ్ కాల్‌బ్యాక్ ఇంకా మొదలుకాకముందే, అంటే రిజిస్టర్లు తిరిగి నింపకముందే, హ్యాండ్లర్ నడవగలదు. సస్పెండ్‌లో క్లాక్ ఆపి రెజ్యూమ్‌లో తిప్పి పెట్టే సాదాసీదా డ్రైవర్‌కు ఇటూ అటూ రెండు ప్రమాదకరమైన వ్యవధులు ఏర్పడతాయి. ప్రయోగశాల బల్ల మీద ఇవి బయటపడవు. పొరుగు పరికరం కాస్త హడావిడిగా ఉన్న యంత్రంలో, అదీ ఎప్పుడో ఒకసారి, బయటపడతాయి.

లైనును మూయడం అంటే కెర్నెల్ ఏం చేస్తుందో కూడా తెలిసి ఉండాలి. చాలా ఇంటరప్ట్ కంట్రోలర్ల (లైన్లను ప్రాసెసర్‌కు చేర్చే చిప్‌ల) విషయంలో అది సోమరి పద్ధతిలో జరుగుతుంది: లైను మూతపడిందని సాఫ్ట్‌వేర్‌లో గుర్తు పెట్టుకుంటుందే గాని హార్డ్‌వేర్ మాస్క్‌ను (కంట్రోలర్‌లో ఆ లైనును అడ్డే బిట్‌ను) అప్పటికప్పుడు తాకదు. ఆ తర్వాత నిజంగా ఇంటరప్ట్ వస్తే అప్పుడు మాస్క్ చేసి, బాకీ ఉన్నట్టు రాసుకుని, తెరిచినప్పుడు హ్యాండ్లర్‌కు అందజేస్తుంది. ఎడ్జ్ రకం సంకేతం ఒక్కసారి మెరిసి పోయేది కాబట్టి ఈ సోమరితనమే దాన్ని కాపాడుతుంది. లెవెల్ రకానికి ఆ అవసరం లేదు, కారణం తీరేదాకా లైను పైకెత్తే ఉంటుంది గనుక మాస్క్ తీయగానే మళ్ళీ వస్తుంది. తనకంటూ డిసేబుల్ కాల్‌బ్యాక్ ఉన్న కంట్రోలర్ చిప్‌లో మాత్రం మూత వెంటనే హార్డ్‌వేర్‌లోనే పడుతుంది. ఈ తేడా లేపే లైన్ల దగ్గర మళ్ళీ ఎదురవుతుంది.

కాబట్టి కెర్నెల్‌కే వదిలేయడం ఎప్పుడు చాలు? లైను ఉమ్మడిది కానప్పుడు, పైగా పరికరం విద్యుత్తు నోఐఆర్‌క్యూ దశలోనే ఆగేటప్పుడు. పీసీఐ అనే అనుసంధానం మీది పరికరాలకు ఈ రెండవ షరతు ఎక్కువగా దానంతట అదే తీరుతుంది, ఎందుకంటే పరికరాన్ని తక్కువ విద్యుత్తు స్థితికి దించడం, మేలుకున్నాక కాన్ఫిగరేషన్‌ను పునరుద్ధరించడం పీసీఐ కోర్ నోఐఆర్‌క్యూ దశల్లోనే చేస్తుంది. ఎంఎస్ఐ వెక్టర్లను (లైను ద్వారా కాక సందేశంగా వచ్చే ఇంటరప్ట్‌లను) వాడే పీసీఐ డ్రైవర్‌కు లైను పంచుకునే బెడద కూడా లేదు. అటువంటి డ్రైవర్‌లో లైను మూసే కోడ్‌ను అదనంగా చేర్చడం నాకు సమ్మతం కాదు. ఆ కోడ్ వల్ల లాభం లేదు, జత కుదరని ఎనేబుల్ పిలుపు ఏనాటికైనా పుట్టే అవకాశం మాత్రం ఉంది.

పరికరం దగ్గరే ఆపడం

సందేహం ఉన్న ప్రతిచోటా నేను మొదట సూచించేది ఇదే. పరికరంలోని ఎనేబుల్ రిజిస్టర్ పూర్తిగా మీ డ్రైవర్ అధీనంలోనిది. దాన్ని మూసినందువల్ల మరెవరికీ నష్టం ఉండదు, లైను ఉమ్మడిదైనా కాకపోయినా పని చేస్తుంది. అయితే క్రమం తప్పకూడదు. రిజిస్టర్‌లో సున్నా రాసిన తర్వాత అదే రిజిస్టర్‌ను ఒకసారి చదవాలి, ఎందుకంటే రాసిన విలువ బస్సు (ప్రాసెసర్‌కూ పరికరానికీ నడుమ సమాచార మార్గం) మధ్యలో ఎక్కడో నిలిచి ఉండి పరికరాన్ని ఇంకా చేరకపోయి ఉండవచ్చు. చదివితే అది చేరినట్టు నిర్ధారణ అవుతుంది. తర్వాత సింక్రనైజ్_ఐఆర్‌క్యూ పిలిచి, మరో ప్రాసెసర్ మీద నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగాలి. ఆ పిమ్మటే క్లాక్‌ను గాని విద్యుత్తును గాని ఆపాలి. మేలుకునేటప్పుడు క్లాక్ ఇచ్చి, రిజిస్టర్లన్నీ నింపి, నిద్రకు ముందు నుంచి మిగిలిపోయిన స్టేటస్ బిట్లను తుడిచి, అన్నిటికంటే చివర ఎనేబుల్ బిట్లు తెరవాలి. పాత స్టేటస్‌ను తుడవకుండా తెరిస్తే ఎప్పుడో ముగిసిన బదిలీకి సంబంధించిన ఇంటరప్ట్ ఇప్పుడు వచ్చి, ఖాళీగా ఉన్న క్యూను తడుముతుంది.

ఈ పద్ధతి ఒంటరిగా చాలని చోటు ఉమ్మడి లైను. మీ పరికరం మౌనంగా ఉన్నా, పొరుగు పరికరం లైనును ఎత్తినప్పుడల్లా కెర్నెల్ ఆ లైను మీది హ్యాండ్లర్లన్నింటినీ పిలుస్తుంది, అందులో మీదీ ఒకటి. హ్యాండ్లర్ అలవాటుగా చేసే మొదటి పని స్టేటస్ రిజిస్టర్‌ను చదవడం. క్లాక్ లేని పరికరాన్ని చదివితే కొన్ని ఎస్‌ఓసీలలో (ప్రాసెసర్, పరికరాలు ఒకే చిప్‌లో ఉండేవాటిలో) బస్సు దోషం పుట్టి కెర్నెల్ అక్కడికక్కడే కూలిపోతుంది. పీసీఐలో కూలదు గాని అన్ని బిట్లూ 1గా తిరిగి వస్తాయి, దాన్ని నిజమైన స్టేటస్ అనుకున్న హ్యాండ్లర్ జరగగల ఘటనలన్నీ ఒకేసారి జరిగాయని నమ్మి పనిలోకి దిగుతుంది. రెండవదే చెడ్డదని నా అభిప్రాయం, మొదటిది కనీసం ఎక్కడ తప్పిందో చెప్పి చస్తుంది. మందు చిన్నదే: పరికరం నిద్రలో ఉందని తెలిపే ఒక గుర్తును సింక్రనైజ్_ఐఆర్‌క్యూ పిలవడానికి ముందే పెట్టి, హ్యాండ్లర్ మొదటి వరుసలోనే దాన్ని చూసి, ఇది నాది కాదని తిరిగి వెళ్ళేలా రాయాలి. లేదా విద్యుత్తు ఆపే పనినే నోఐఆర్‌క్యూ దశకు జరపాలి, అక్కడ హ్యాండ్లర్ నడవదు గనుక ఆ గుర్తు అవసరమే పడదు.

లైనునే మూయడం

డిసేబుల్_ఐఆర్‌క్యూ ఎన్నిసార్లు పిలిచారో లెక్క పెట్టుకుంటుంది, నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగుతుంది, అందుచేత దాన్ని అదే లైను హ్యాండ్లర్‌లోంచి పిలిస్తే తన కోసం తానే వేచి ఉండి స్తంభించిపోతుంది. అటువంటి చోట నోసింక్ అని చివరన ఉన్న రూపం వాడాలి. ఉమ్మడి లైను మీద దీన్ని పిలవడం ఉమ్మడి బావికి తాళం వేయడం లాంటిది. మీ సస్పెండ్ కాల్‌బ్యాక్ ముందుగా నడిచి, పొరుగు పరికరం ఇంకా డిస్క్‌కు రాస్తూ ఉంటే, ఆ రాత పూర్తయిన కబురు దానికి ఎన్నటికీ అందదు. అందువల్ల ఉమ్మడి లైనుకు ఈ దారిని పూర్తిగా కొట్టివేయవచ్చు.

సొంత లైనులో మాత్రం దీనికి తగిన సందర్భం ఒకటి ఉంది, దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఐ2సీ అనే నెమ్మది బస్సు మీద ఉన్న ఒక టచ్ కంట్రోలర్‌ను తీసుకుందాం. దాని ఇంటరప్ట్ లెవెల్ రకం, హ్యాండ్లర్ థ్రెడ్‌గా (విడి పనిగా) నడుస్తుంది, థ్రెడ్ ముగిసేదాకా లైను మాస్క్‌లో ఉండేలా ఐఆర్‌క్యూఎఫ్_వన్‌షాట్ జెండా ఉంది. టచ్ చిప్ లైనును దించాలంటే దాని స్టేటస్‌ను ఐ2సీ ద్వారానే చదవాలి. వాడుకరి తెరను తాకి యంత్రాన్ని లేపాడు. రెజ్యూమ్_నోఐఆర్‌క్యూ ముగియగానే కెర్నెల్ లైన్లు తెరిచింది, బాకీ ఉన్న ఇంటరప్ట్ అందింది, థ్రెడ్ లేచి ఐ2సీ బదిలీ మొదలుపెట్టింది. కాని ఐ2సీ కంట్రోలర్ డ్రైవర్ తన పునరుద్ధరణను మామూలు రెజ్యూమ్ దశలో చేస్తుంది, ఆ దశ ఇంకా రాలేదు. బదిలీ విఫలమైంది, స్టేటస్ చదవబడలేదు, లైను ఎత్తే ఉంది, థ్రెడ్ ముగియగానే మాస్క్ తొలగి అదే ఇంటరప్ట్ మళ్ళీ వచ్చింది. ఐ2సీ లేచేదాకా ఇదే తంతు. హ్యాండ్లర్ విఫలమైనా పని అయిందని బదులిస్తూ ఉంటే కెర్నెల్‌కు అనుమానం రాదు, లాగ్ నిండా బదిలీ దోషాలు మాత్రం పేరుకుంటాయి. నాది కాదని బదులిస్తూ ఉంటే, 1,00,000 ఇంటరప్ట్‌లలో 99,900కు పైగా దిక్కులేనివిగా తేలినప్పుడు కెర్నెల్ ఆ లైనును శాశ్వతంగా మూసేస్తుంది, ఆ తర్వాత తెర తాకినా పలకదు.

దీన్ని సరిచేయడానికి ఐ2సీ కంట్రోలర్ డ్రైవర్‌ను నోఐఆర్‌క్యూ దశకు మార్చవచ్చు, అనేక కంట్రోలర్ డ్రైవర్లు ఆ పనే చేశాయి. కాని టచ్ డ్రైవర్ రాసేవారికి ఏ బోర్డు మీద ఏ ఐ2సీ కంట్రోలర్ దొరుకుతుందో చెప్పలేం. వారి చేతిలో ఉన్న మార్గం, సస్పెండ్‌లో డిసేబుల్_ఐఆర్‌క్యూ, రెజ్యూమ్‌లో ఎనేబుల్_ఐఆర్‌క్యూ. పిల్ల పరికరం రెజ్యూమ్ నడిచేసరికి తల్లి పరికరం రెజ్యూమ్ ముగిసి ఉంటుందన్నది కెర్నెల్ హామీ కాబట్టి, అప్పుడు తెరుచుకున్న లైనుకు బస్సు సిద్ధంగా ఉంటుంది. ఐ2సీ, ఎస్‌పీఐ వంటి నెమ్మది బస్సుల మీది పరికరాలకు నేను దీన్నే ఎంచుకుంటాను. సస్పెండ్ మధ్యలో విఫలమైన దారిలో కూడా రెండు పిలుపులూ జతపడుతున్నాయా అన్నది ఒకసారి చదివి చూసుకోవాలి, లేకుంటే అసమతౌల్యపు ఎనేబుల్ అని కెర్నెల్ హెచ్చరిక వేస్తుంది.

లేపే లైను, ఆపకూడని లైను

తప్పులు ఎక్కువగా పుట్టేది ఈ రెండింటినీ కలగలిపినప్పుడు. ఐఆర్‌క్యూఎఫ్_నో_సస్పెండ్ అంటే నిద్రకు వెళ్ళే దారిలోనూ తిరిగి వచ్చే దారిలోనూ హ్యాండ్లర్ మామూలుగా నడవాలని మాత్రమే అర్థం. వ్యవస్థను లేపుతామన్న హామీ అందులో ఎక్కడా లేదు. టైమర్లు, ప్రాసెసర్ల మధ్య నడిచే ఇంటరప్ట్‌లు వంటి వాటి కోసం అది ఉంది. పవర్ బటన్ యంత్రాన్ని లేపడం లేదని ఈ జెండా చేర్చి, ఒక బోర్డు మీద యాదృచ్ఛికంగా పని చేసేసరికి సమస్య తీరిందనుకునే డ్రైవర్లు కనిపిస్తుంటాయి. కాస్త ఆలోచిస్తే, నోఐఆర్‌క్యూ దశ ఇచ్చే రక్షణను ఈ జెండా చేతులారా తీసివేస్తుంది: మీ పరికరం విద్యుత్తు పోయాక కూడా హ్యాండ్లర్ నడవగలదు. ఉమ్మడి లైను మీద అయితే ఆ జెండా వల్ల లైను తెరిచే ఉండి పొరుగు హ్యాండ్లర్లు కూడా వాటికి తెలియకుండానే నడుస్తాయి, అందుకే అటువంటి కలయిక నమోదైనప్పుడే కెర్నెల్ హెచ్చరిస్తుంది.

హార్డ్‌వేర్ చేసిన ఏర్పాటు వల్ల ఆ కలయిక తప్పని చోట్లు ఉన్నాయి. అట్మెల్ ఏటీ91 చిప్‌లలో వ్యవస్థ టైమర్, నిజకాల గడియారం, డీబగ్ సీరియల్ పోర్ట్ ఒకే లైనును పంచుకుంటాయి. టైమర్‌కు నో_సస్పెండ్ కావాలి, మిగిలినవి వద్దన్నా దానితో పాటు నడుస్తాయి. ఐఆర్‌క్యూఎఫ్_కాండ్_సస్పెండ్ అనే జెండా 2015లో వచ్చింది ఇలాంటి వాటి కోసమే. నా హ్యాండ్లర్ నిద్ర వేళ పిలిచినా తట్టుకుంటుందని, లేపవలసి వస్తే ఆ సంగతిని తానే గుర్తిస్తుందని డ్రైవర్ ఆ జెండా ద్వారా మాట ఇస్తుంది. మాట నిలబెట్టే కోడ్ రాయకుండా హెచ్చరిక పోతుందని మాత్రమే జెండా చేర్చడం సబబు కాదు.

లేపడానికి అసలు సాధనం ఎనేబుల్_ఐఆర్‌క్యూ_వేక్. ఇది కంట్రోలర్ చిప్‌కు ఈ లైనును మేల్కొలుపు తర్కంలో చేర్చమని చెబుతుంది, ఇటు కెర్నెల్ కోర్‌కు ఈ లైనును మూయకుండా కాపలా స్థితిలో ఉంచమని చెబుతుంది. కెర్నెల్ డెవలపర్ థామస్ గ్లైక్స్‌నర్ 2014లో చేసిన మార్పుల తర్వాత కాపలాలో ఉన్న లైను మీద ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ వెంటనే నడవదు. కోర్ ఆ లైనును మూసి, బాకీ రాసుకుని, నిద్రను విరమించమని కబురు పెడుతుంది, లైన్లు తెరిచే వేళకు హ్యాండ్లర్ నడుస్తుంది. లేపడమూ కావాలి, విద్యుత్తు లేని పరికరాన్ని హ్యాండ్లర్ తాకకూడదు అనే రెండు కోరికలూ ఇందులో తీరుతాయి. నో_సస్పెండ్‌నూ దీన్నీ ఒకే లైనుకు కలిపి వాడితే ఆ రక్షణ పోతుంది, అలా కలపడానికి మంచి కారణం నాకు ఇంతవరకు తోచలేదు.

దీన్ని నేరుగా పిలిస్తే తిరిగివచ్చే విలువను తప్పక చూడాలి, మేల్కొలుపు సౌకర్యం లేని చిప్ దోషం తిరిగి ఇస్తుంది. అంతకంటే సులువు, ప్రోబ్‌లోనే (పరికరం దొరికినప్పుడు నడిచే డ్రైవర్ ఫంక్షన్‌లోనే) పరికరాన్ని లేపగలదిగా ప్రకటించి డెవ్_పీఎం_సెట్_వేక్_ఐఆర్‌క్యూ పిలవడం. వాడుకరి సిస్ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ అమరికలు ఫైళ్ళుగా కనిపించే చోట) అనుమతిస్తేనే కోర్ తానే కాపలా పెట్టి తీస్తుంది. ముందు చెప్పిన పద్ధతులతో కలిపేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. పరికరంలోని ఎనేబుల్ బిట్లన్నీ తుడిచేస్తే లేపే సంకేతమే పుట్టదు, కనుక లేపే ఘటనకు చెందిన బిట్‌ను విడిచిపెట్టాలి. డిసేబుల్_ఐఆర్‌క్యూతో కలిపితే, సోమరి పద్ధతి చిప్‌లలో హార్డ్‌వేర్ మాస్క్ పడదు గనుక లేపడం జరుగుతుంది. మూత వెంటనే హార్డ్‌వేర్‌లో పడే చిప్‌లలో అది జరగకపోవచ్చు, ఆ కొరత తీర్చడానికే 2020లో కంట్రోలర్ చిప్‌ల కోసం విడిగా ఒక జెండా చేర్చారు. అందుకే పైన చెప్పిన టచ్ డ్రైవర్‌లో, వ్యవస్థను లేపే అనుమతి ఉన్నప్పుడు డిసేబుల్ చేయకుండా వేక్ మాత్రమే వాడి, బస్సు సిద్ధం కాని వ్యవధిని ఐ2సీ కంట్రోలర్ డ్రైవర్ వైపు నుంచి సరిచేయడం మేలు.

నిద్ర ఏ రకమన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. సస్పెండ్-టు-ఐడిల్‌లో ప్రాసెసర్ ఐడిల్‌లో ఉంటుంది తప్ప కంట్రోలర్‌కు విద్యుత్తు పోదు, తెరిచి ఉన్న ఏ లైనైనా ప్రాసెసర్‌ను ఐడిల్‌లోంచి బయటికి లాగగలదు, లేపే ఘటన కాకపోతే అది మళ్ళీ ఐడిల్‌లోకి వెళుతుంది. అంటే తప్పుగా తెరిచి ఉంచిన నో_సస్పెండ్ లైను యంత్రాన్ని లేపదు, బ్యాటరీని మాత్రం తింటుంది. లోతైన నిద్రలో కంట్రోలరే ఆరిపోవచ్చు, అప్పుడు లేపే పని వేరే చిన్న తర్కానిది. పని చేస్తోందని ఒక రకంలో చూసి రెండవ రకానికి హామీ ఇవ్వకూడదు.

రన్‌టైమ్ పీఎం, పరీక్ష

పైన చెప్పిన కెర్నెల్ రక్షణ ఏదీ రన్‌టైమ్ పీఎంకు, అంటే వ్యవస్థ నడుస్తుండగానే ఖాళీగా ఉన్న ఒక్క పరికరాన్ని నిద్రపుచ్చే పద్ధతికి, వర్తించదు. వ్యవస్థ మెలకువగానే ఉంటుంది కాబట్టి లైన్లు ఎవరూ మూయరు, నోఐఆర్‌క్యూ దశ లేదు. అక్కడ పరికరం దగ్గరే ఆపడం, చదివి నిర్ధారించుకోవడం, సింక్రనైజ్_ఐఆర్‌క్యూ, ఉమ్మడి లైనైతే హ్యాండ్లర్‌లో నిద్ర గుర్తు చూడడం, ఇవి తప్ప వేరే దారి లేదు. రన్‌టైమ్ పీఎం కోసం ఈ కోడ్ ఎలాగూ రాయాలి గనుక వ్యవస్థ సస్పెండ్‌కు కూడా అదే ఫంక్షన్‌ను వాడుకోవడం చాలా డ్రైవర్లకు సులువైన మార్గం.

పరీక్షించేటప్పుడు, నిద్రను ఏ దశలో ఆపి వెనక్కి రావాలో చెప్పే పీఎం_టెస్ట్ ఫైలులో డివైసెస్ అని రాసి నిద్రపుచ్చి, ఐదు సెకన్లకు యంత్రం తిరిగి వచ్చిందని తృప్తి పడేవారున్నారు. ఆ స్థాయి మామూలు సస్పెండ్ దశతోనే ఆగిపోతుంది, లేట్, నోఐఆర్‌క్యూ దశలను తాకదు, కాబట్టి ఇంటరప్ట్ మూతకు సంబంధించిన ఏ కోడూ అందులో నడవదు. ప్లాట్‌ఫామ్ స్థాయి పెట్టినప్పుడే నోఐఆర్‌క్యూ దాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. ఆ తర్వాత నిజమైన నిద్రలోకి పంపి, లేచాక సిస్ఎఫ్ఎస్ పవర్ డైరెక్టరీలోని పీఎం_వేకప్_ఐఆర్‌క్యూ ఫైలును చదివితే ఏ లైను లేపిందో సంఖ్య కనిపిస్తుంది. లైన్ల వారీగా ఇంటరప్ట్‌ల లెక్క చూపే ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైలును నిద్రకు ముందూ తర్వాతా తీసి పోల్చితే, మీ లైను లెక్క ఒకటో రెండో పెరగవలసిన చోట వేలల్లో పెరిగిందా అన్నది తెలుస్తుంది. పొరుగు పరికరాన్ని పనిలో ఉంచి ఈ పోలిక చేయాలి, లేకపోతే ఉమ్మడి లైను దోషం ఈ పరీక్షలోనూ దొరకదు.